తోస్తే తప్ప పడదు

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. అనడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. ఆ మాటతో ఒక మనిషి చీనీ తోట పోయింది, చీనీ అంటే బత్తాయి. తోటతో పాటు ఆయన నోటి మాటకు విలువ కూడా పోయింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ప్రొద్దుటూరులో నాకు ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో కెమెరాలు, రీళ్లు, స్టాండ్లు అమ్మేవాణ్ణి. పార్టీలు ఊళ్లను రెండుగా చీల్చిన రోజులవి. షాపులోకి ఎవరొచ్చినా ముందు ఎటువైపు మనిషో చూసుకుని, ఆ తర్వాత మాట కలపాలి. నేను రెండు పార్టీల ఇళ్లలో పెళ్లిళ్లకూ ఫోటోలు తీశాను. ఎవరినీ నొప్పించడని నాకు పేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందనే సామెత మీదే నా వ్యాపారమంతా నడిచింది.

మల్లేశుది పులివెందుల దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి బడిపంతులయ్యాడు. పిట్టల ఫోటోలంటే పిచ్చి. సెలవు వస్తే మైలవరం రిజర్వాయరు గట్టు మీద పడి ఉండేవాడు. రీళ్లు కడిగించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాడు. ఒక ఏడు ఎవరి దగ్గరో మోచేయంత పొడవున్న పాత లెన్సు ఒకటి కొన్నాడు. గండి కొండల్లో ఒక రాతి చీలికలో పెద్ద గుడ్లగూబ పిల్లల్ని పెట్టిందట, దాన్ని తీయాలట. ఆ మొహం ఫోటో కట్టించి ఎవరింట్లో తగిలిస్తావని ఏడిపించాను. నవ్వేసి, ఈ లెన్సుకు స్టాండు మీద ఏ హెడ్డు పెట్టాలో చెప్పమన్నాడు.

హెడ్డంటే స్టాండు కాళ్లకూ కెమెరాకూ మధ్య ఉండే మెడ. ఆరుబయట, గాలిలో, బరువైన లెన్సుతో పని చేసేవాడు కాళ్లకంటే ముందు దాన్ని చూసుకోవాలి. నా దగ్గర రెండు రకాలుండేవి. ఒకటి పిడులున్న ప్యాన్ హెడ్డు. తిప్పడం నిదానమే గానీ, బిగిస్తే కదలదు. రెండోది బాల్ హెడ్డు. ఒక గుండు, దాన్ని పట్టి ఉంచే ఒక మర, అంతే. మర వదిలితే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పిట్టల వెంట తిప్పడానికి చురుగ్గా ఉంటుంది, కానీ మన కెమెరా బరువుకు రెట్టింపు మోయగలిగినదైతేనే. నా దగ్గరున్నది చిన్నది. పైగా అంతకుముందే ఒకాయన దాన్ని కొని, బిగించినా జారుతోందని తెచ్చి ఇచ్చేశాడు. నేను తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టాను.

మల్లేశుకు ఇచ్చింది అదే. ప్యాన్ హెడ్డును ఒక పార్టీ సభ వీడియోకు పంపుతానని అప్పటికే మాట ఇచ్చి ఉన్నాను. ఆ సంగతి చెప్పి ఇంకో వారం ఆగమంటే మల్లేశు ఆగేవాడు. చెప్పలేదు. పిట్టలకు ఇదే సరైనదన్నాను. అమ్ముడుపోని సరుకు వదిలిందని లోపల సంతోషించానా? సంతోషించాను. అది కూడా దాచకూడదు.

ఆ శనివారం గండిలో ఆంజనేయస్వామి దర్శనానికి జనం బాగా వచ్చారు. మల్లేశు కొండ అంచున స్టాండు నిలబెట్టి, లెన్సును గూటివైపు తిప్పి, మర బిగించి, నీళ్లు తాగడానికి నీడలోకి వెళ్లాడు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చేసరికి స్టాండు అంచున పొదలో చిక్కుకుని ఉంది. కెమెరా, లెన్సు ఊడి కింది రాళ్ల మీద ముక్కలై పడ్డాయి. అక్కడ నిలబడి ఉన్నది సుబ్బన్న ఒక్కడే. మల్లేశు ఊరివాడే. మల్లేశు మేనమామ ఒక పార్టీకి పెద్ద, సుబ్బన్న ఎదుటి పార్టీ. దర్శనం చేసుకుని కొండెక్కాడు, ఈ వస్తువేమిటో చూద్దామని దగ్గరికి వచ్చాడు. తాను ముట్టుకోలేదనీ, దానంతట అదే ముందుకు వాలిందనీ చెప్పాడు. ఎవరు నమ్ముతారు?

మల్లేశు ఒక్కడు నమ్మాలని చూశాడు. తొందరపడొద్దు, ఆ షాపాయనను అడుగుదాం, ఆయనకు తెలుస్తుందని మేనమామను ఒప్పించి నా దగ్గరికి తీసుకొచ్చాడు. మేనమామ స్టాండును నా బల్ల మీద పెట్టాడు.

“ఏమప్పా, ఇది నువ్వు అమ్మిన సామానే గదా. దానంతట అదే పడ్తాదా?”

నేను హెడ్డును చేతిలోకి తీసుకున్నాను. మర చివరిదాకా బిగించే ఉంది. అయినా గుండు నా అరచేతిలో మెల్లగా తిరిగింది. గుండు జారింది, లెన్సు ముందుకు వాలింది, ఆ బరువుకు వెనక కాలు లేచింది. జరిగిందంతా నా చేతికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. వాళ్లకు కనబడకుండా ఆ గుండును బొటనవేలితో అదిమి పట్టుకున్నాను.

“గట్టిగానే ఉంది మామా. ఎవురన్నా తోస్తే తప్ప పడదు.”

“సాలు. నీ నోటితో ఇందామనే వచ్చినా.”

మల్లేశు తల వంచుకున్నాడు. స్టాండుకు కొత్త హెడ్డు వేసి ఇస్తానని చెప్పి పాతదాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను. వాళ్లు వెళ్లాక దాన్ని పెన్నలో పడేసి వచ్చాను.

ఎందుకన్నాను? ఫ్యాక్షన్ భయమని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది, మా జిల్లాలో ఎవరైనా నమ్ముతారు. కానీ నిజం చెబితే ఆ రోజు నన్నెవరూ నరికేవాళ్లు కాదు. నాలుగు తిట్లు తిట్టి, లెన్సు నష్టం కట్టమనేవాళ్లు. షాపు పేరు పాడయ్యేది. నేను కాపాడుకున్నది ప్రాణం కాదు, పేరు. పార్టీలకు భయపడినవాణ్ణని చెప్పుకోవడానికి కూడా నాకు అర్హత లేదు.

వారం తిరక్కముందే సుబ్బన్న చీనీ చెట్లను మొదళ్లకు నరికేశారు. కాపు మీదున్న చెట్లు. షాపులో ఎవరో ఆ సంగతి చెబుతుంటే, నేను ఒక పెళ్లి ఆల్బమ్ అంటిస్తూ విన్నాను. చెయ్యి ఆగలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే విన్నాను, నన్ను ఎక్కువగా తినేది అదే. సుబ్బన్న పార్టీవాళ్లే ఆయన వీపు తట్టి, మంచి పని చేశావన్నారట. తాను తోయలేదని ఆయన మొత్తుకుంటే, అబ్బ, ఎంత గట్టివాడని నవ్వారట. ఎదుటి పార్టీ నమ్మలేదు, సొంత పార్టీ నమ్మలేదు. చీనీ మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, అంత ఓపిక, నీళ్లు ఆయనకు మిగల్లేదు. ముద్దనూరు వైపు కూలికి వెళ్లిపోయాడు.

మల్లేశు మళ్లీ కెమెరా పట్టలేదు. నా షాపుకూ రాలేదు. ఆ రోజు నా బొటనవేలిని చూశాడా? తెలియదు. చూసి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

తర్వాత నేను స్టూడియోను జమ్మలమడుగుకు మార్చాను. కొన్నేళ్లకు ఒకామె చిన్న ఫోటో తెచ్చి, పెద్దది చేసి పటం కట్టివ్వమంది. ఫోటోలో సుబ్బన్న. పోయి పదకొండో రోజు కూడా కాలేదంది. నన్ను ఆమె ఎరగదు. ఏమైందని నేను అడగలేదు, ఆమే చెప్పుకుపోయింది.

“ఆ పొద్దు ఆ కెమెరాను తోయకుండా ఉండింటే మా తోట మాకుండేదప్పా. సచ్చేదాంకా నేను తోయలేదనే అంటాండె. కట్టుకున్నదానికన్నా నిజం చెప్పకపాయె.”

నేను కత్తెరతో అట్టముక్క కోస్తున్నాను. నోరు తెరిస్తే చాలు. ఇప్పుడు పోయే పేరూ లేదు, అడిగే మేనమామా లేడు. ఎదురుగా భర్తను అబద్ధాలకోరని నమ్మి ఏడుస్తున్న మనిషి ఒక్కతే ఉంది. సాయంత్రానికి పటం తయారవుతుందని మాత్రం అన్నాను. సాయంత్రం ఆమె వచ్చి, పటాన్ని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఏ ఊరని కూడా నేను అడగలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెతో చెప్పవలసిన మాట మీకు చెబుతున్నాను, ఇన్నేళ్లకు మొదటిసారి. అమ్మా, మీ ఆయన నిజమే చెప్పాడు. ఆయన తోయలేదు.