కార్డుల తాత అచ్చు వేయని కార్డు

అక్కా, ముందుగా నా రాతను మన్నించండి. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు తప్పుతాయి, వరుసలు కిందికి జారిపోతాయి. కార్డుల తాత పోయారని శుక్రవారం పొద్దున అంగడి తీసే వేళకు తెలిసింది. పనిచేసే నలుగురం టిఫిను డబ్బాలతో షట్టర్ ముందు నిలబడి ఉంటే, పక్కనున్న జెరాక్స్ అంగడి ఆయన వచ్చి, "ఇంక తీసేవాళ్లు లేరమ్మా. ఇంటికాడికి పోయి సూసుకోండి" అన్నాడు.

చిత్తూరులో ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లకు ఆయన చేతి కార్డు వెళ్లిందో! ఆ ఇళ్ల నుంచి పాడె వెంట నడవడానికి ఎవరూ రాలేదు. మీరు గోడకు ఆనుకుని ఏడుస్తూ, "ఎవురి బిడ్డ పెండ్లో ఆపడానికి మా నాయనకేం పనమ్మా? దాంతోనే కదా అంగడి పాడైంది!" అన్నారు. నేను కొళాయి దగ్గరే ఉన్నాను. చెప్పాల్సినది నేనే. చెప్పకుండా బిందె నింపుకుంటూ ఉండిపోయాను. పెద్దకర్మ లోపల నాన్న గురించి తెలిసింది రాసివ్వండని మీరు అందరినీ అడిగారు కాబట్టి, ఇప్పుడు రాస్తున్నాను.

తాత కార్డు ఎంచుకోవడానికి వచ్చినవాళ్లను లోపలే తేల్చుకోనిచ్చేవారు కాదు. నచ్చిన మచ్చు కార్డులు నాలుగు చేతికిచ్చి వీధిలోకి నడిపించేవారు. "ట్యూబులైటు కింద అన్నీ బంగారమే. ఎండలో సూడండప్పా" అనేవారు. ఎండలోకి వెళ్లాక సగంమంది మనసు మార్చుకునేవాళ్లు.

రాసిన మాటలను అచ్చుకు పంపేముందు ఇంటివాళ్లందరినీ నిలబెట్టి పైకి చదివి వినిపించేవారు. ఒకసారి పుంగనూరు నుంచి వచ్చినాయన ఆహ్వానించేవాళ్ల పేర్లు పేజీ నిండా రాయించాడు.

"ఇది పెండ్లి కార్డా, ఓటర్ల లిస్టా అప్పా?" అన్నారు తాత.

"ఒక్క పేరు తీసినా మా సిన్నాయన మండపంలో కూసోడు సామీ."

"అట్లయితే అక్షరం సన్నం సేస్తా. మీ సిన్నాయన్ని భూతద్దం తెచ్చుకోమను."

అందరూ నవ్వుతుంటే తాత మాత్రం పెళ్లికూతురి తల్లి పేరు ఎక్కడుందో వేలు పెట్టి వెతికారు. ఏ కార్డులో ఆ పేరు లేకపోయినా అడిగి రాయించేవారు.

నేను పనికి వచ్చిన రోజు నా చంకలో ఏడాది బిడ్డ. కార్డులకు కుచ్చులు కట్టే పని. ఏ ఊరని అడిగితే బంగారుపాళ్యం దగ్గరని చెప్పి, మా నాయన పేరు చెప్పాను. తాత వేసిన ప్రతి కార్డూ ఒకటి ఫైలులో దాచేవారు, మీకు తెలుసు. ఆ ఫైలు తీసి చాలాసేపు తిప్పారు. గులాబీ రంగు కార్డు దగ్గర ఆగారు. అది నాది.

"అప్పుడు నీకెన్నేండ్లు పాపా?"

తల ఎత్తకుండా "పదైదు" అన్నాను.

"మీ నాయన పద్దెనిమిది అన్యాడు. నేను ఇంకో మాట అడగలేదు."

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా తెరవలేదు. మరుసటి రోజు బల్ల మీద ఒక అట్ట వెలిసింది. పెళ్లికూతురి వయసు కాగితం చూపనిదే కార్డు రాయబడదని. వచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. మాతో మాత్రం ఒక మాట అన్నారు. "కార్డు పంచినారంటే ఊరంతా సరే అన్నట్టే. ఆ తర్వాత బిడ్డ వద్దన్యా ఇనేవాళ్లుండరు." నేను వద్దన్నాను అక్కా. కార్డులు పంచేశామే అని మా అమ్మ నా నోరు మూసింది.

రెండేళ్ల కింద, మామిడికాయల పని అయిపోయాక, మా నాయన అంగడికి వచ్చాడు. మా చెల్లెలికి సంబంధం కుదిరిందని, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి అని తాతకు చెప్పాడు. వెనక గదిలో ఉన్న నాకు కూడా అప్పుడే తెలిసింది. ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాడు. దాంట్లో వయసు పద్దెనిమిది. ఎప్పుడు మార్పించాడో. తాత చూసి సరే అని మచ్చు కార్డులు తీశారు. నాయన ఎర్రది ఎంచుకుని, ఎండలోకి వెళ్లి తిప్పి తిప్పి చూస్తున్నాడు.

కొలత బద్ద కోసం తాత వెనక గదికి వచ్చారు. నా చేతులకు బంక.

"తాతా, అది మొన్ననే పదో తరగతిలోకి వచ్చింది."

నా జన్మలో నా అంతట నేను చెప్పిన పెద్ద మాట అదే. తాత నన్ను చూశారు. "ఈ మాట ఇంకెవురితోనూ అనొద్దు. నేను సూసుకుంటా" అని బయటికి వెళ్లారు.

"ఈ కార్డు నేను వెయ్యను."

"ఆధార్ ఉండాది కదప్పా!"

"ఉండాది. నాకు నమ్మకం లేదు."

"అచ్చేసేవాడికి నమ్మకమెందుకు? నువ్వేమన్నా పిల్లనిస్తా ఉండావా?"

నాయన వేరే చోట కార్డులు వేయించాడు. తాత ఊరుకోలేదు. చెల్లెలి బడికి వెళ్లి పెద్ద టీచరమ్మను కలిశారు. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఆఫీసర్లు వచ్చి పెళ్లి ఆపించారు.

మరుసటి రోజు నాయన మనుషులను వెంటేసుకుని వచ్చి మచ్చు కార్డుల అట్టలన్నీ వీధిలోకి విసిరేశాడు. తాత చొక్కా పట్టుకుని, "ఎవురు సెప్పినారు నీకు? నా కూతురా?" అని అరిచాడు. నేను తలుపు చాటున ఉన్నాను.

తాత గట్టిగా నవ్వారు. "నీ కూతురా? ఆ యమ్మి నోరు తెరిచింది ఈ అంగడిలో ఎవురన్నా సూసినారా? ఏం మే, మీరు సూసినారా?"

నాతో పనిచేసే అక్కలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నాయన మనుషులు కూడా నవ్వారు. నాయన చొక్కా వదిలేశాడు. నేను బెదురుమనిషినని అందరికీ తెలుసు. ఆ బెదురునే తాత నాకు అడ్డం పెట్టారు.

ఆ తర్వాత జరిగింది మీరు చూశారు. పెళ్లి చెడగొట్టే చెయ్యి అని పేరు పడింది. శుభం మొదలయ్యేది కార్డుతోనే, ఆ చేత్తో వద్దన్నారు జనం. నలుగురికి పని లేకపోయినా తాత మమ్మల్ని రావద్దనలేదు. పాత కార్డులకే కుచ్చులు విప్పి మళ్లీ కట్టించేవారు. ఒక్కసారి కూడా నా వైపు చూసి ఇది నీ వల్ల అన్నట్టు ముఖం పెట్టలేదు. ఆయన ఒంటరిగా బల్ల దగ్గర కూర్చుని ఉంటే, దగ్గరికి వెళ్లి, అందరికీ నిజం చెప్పేస్తాను తాతా అనాలనిపించేది. అనలేదు.

కాబట్టి అక్కా, మీ నాన్న ఎవరి పనిలోనూ ఊరికే తలదూర్చలేదు. అడిగినదాన్ని నేను. దెబ్బ తిన్నది ఆయన.

మా చెల్లెలు ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఇంకా నాయన ఇంట్లోనే ఉంది. ఈ సంగతి తెలిస్తే రేపే కాలేజీ మానిపిస్తాడు. మా ఆయనకు కూడా తెలియదు. మిగతావాళ్లు రాసినవి దాచుకోండి. ఇది మాత్రం చదివి కాల్చేయండి.

తప్పు పడిన కార్డులను తాత ఎప్పుడూ పొయ్యిలో వేయనిచ్చేవారు కాదు, మీద దేవుళ్లుంటారని. గోనెసంచిలో కట్టి ఉంచి, నీవా నదికి నీళ్లు వచ్చినప్పుడు మోకాళ్లదాకా దిగి, ఒక్కొక్క కార్డే నీళ్లలోకి వదిలేవారు. ఈ కాగితం మీద ఏ దేవుడూ లేడు అక్కా. పొయ్యిలో పెట్టేయండి.