అందరూ రండన్న అంకుల్

గత గురువారం ఉదయం మా ఎదురింటి డాక్టరు అంకుల్ పోయారు. ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. రెండేళ్లుగా ఆయనతో పలకని దాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

మేం అమెరికాలో ఈ శాన్ రామన్‌కి వచ్చేనాటికే ఆయన రిటైరయ్యారు. మేమిద్దరం ఆఫీసుల్లో ఇరుక్కుపోతే, మా అబ్బాయిని సాకర్ ప్రాక్టీసుకి తిప్పింది ఆయనే. ఆట ముక్క అర్థం కాకపోయినా గ్రౌండు పక్కన మడత కుర్చీ వేసుకుని "శభాష్‌రా!" అని అరిచేవారు. దగ్గరికొచ్చిన ప్రతి పిల్లాడి చేతిలో ఓ జంతిక పెట్టేవారు. "కడుపు నిండితే ఎవడూ కొట్లాడడమ్మా" అనేవారు.

మావాడు పంతొమ్మిదేళ్లకే ప్రొఫెషనల్ క్లబ్బులో చేరాడు. ఒక్క గోలు వీడియోతో వాడి పేరు ఇంటర్నెట్టంతా మారుమోగింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వేలకొద్దీ వాడి ఫ్యాన్ పేజీలో చేరారు. అంకుల్ కూడా చేరి, ప్రతి కామెంటుకీ "థాంక్యూ, గాడ్ బ్లెస్ యూ" అని ఓపిగ్గా జవాబు రాసేవారు.

ఆ సంబరంలోనే కొంప ముంచారు. తెలుగువాళ్ల పిక్నిక్కి ఈమెయిల్ పెట్టినట్టే, మా ఇంటి అడ్రసు రాసి, "శనివారం లంచ్. ఫ్యామిలీతో అందరూ రండి" అని ఆ పేజీలో పెట్టేశారు. సరిగ్గా శుక్రవారం మ్యాచ్‌లో మావాడు ఆఖరి పెనాల్టీ మిస్సయ్యాడు. టీమ్ ఓడిపోయింది. నిన్నటిదాకా పొగిడిన నోళ్లే తిట్లు లంకించుకున్నాయి. "అడ్రసు ఉందిగా, వస్తున్నాం" అని ఒకడు రాశాడు.

శనివారం పొద్దున్నే కిటికీల బ్లైండ్స్ అన్నీ దించేశాం. పోలీసులకు చెబితే, చూస్తామన్నారు. "అమ్మా, డోర్ లాక్ చేశావ్ కదా?" అని మావాడు ఎన్నిసార్లు అడిగాడో. పదకొండింటికి ఒక ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. ముగ్గురు దిగారు.

ఇంతలో అంకుల్ చేతులూపుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "లంచ్ ఈజ్ హియర్! కమ్, కమ్!" అంటూ ముగ్గురినీ తన ఇంట్లోకి లాక్కెళ్లారు. గంట తరవాత వాళ్లు పులిహోర డబ్బాలతో బయటికొచ్చి ట్రక్కెక్కి వెళ్లిపోయారు. తిట్టడానికొచ్చారో తినడానికొచ్చారో నాకిప్పటికీ తెలీదు.

భయం తగ్గేసరికి నా కోపం నెత్తికెక్కింది. ఆయన మా గుమ్మంలోకొచ్చి "తప్పయిపోయిందమ్మా" అంటుంటే, "నా కొడుకు ప్రాణం మీదికి తెచ్చారు. ఇంక మా గడప తొక్కకండి" అనేశాను.

ఆయన తొక్కలేదు. కరివేపాకు కోసి తెచ్చినా, మెట్టు మీద పెట్టి బెల్ కొట్టి వెళ్లిపోయేవారు. సాయంత్రాలు తన గరాజ్ ముందు ఆ మడత కుర్చీలో కూర్చునేవారు. చెయ్యి ఊపితే చాలు, లేచి వచ్చేసేవారే. నేను ఊపలేదు. అలిగారనుకుని నేనూ బిగుసుకుపోయాను. ఎంత మూర్ఖురాలిని!

అంత్యక్రియలయ్యాక వెళితే ఆంటీ గరాజ్ దగ్గరికి తీసుకెళ్లారు. "రోజూ ఇక్కడేనమ్మా. చలేస్తోంది, లోపలికి రండి అంటే వినేవారా? 'అడ్రసు ఇచ్చింది నేను, ఎవడొచ్చినా ముందు నాతోనే మాట్లాడాలి' అనేవారు."

కుర్చీ ఇంకా మడవలేదు. అందులో కూర్చుని ఏడ్చాను. అక్కడి నుంచి మా గుమ్మం నిండుగా కనిపిస్తోంది. అంత్యక్రియలకని వచ్చిన మావాడు, నన్ను వెతుక్కుంటూ మా ఇంటి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. వీధి అవతలి నుంచి కుర్చీ వైపు చెయ్యి ఊపాడు.