పాటలతో తొక్కిన నేల

కిష్టసామి తాతకి దేవుడు పొడుగాటి చేతులిచ్చి, ఓపిక ఇవ్వడం మరచిపోయాడు. దక్షిణాఫ్రికాలో, మొబేని గోదాముల్లో మూటలు మోసినన్నాళ్లూ ఆ చేతులతోనే నెట్టుకొచ్చాడు. పని మానేశాక పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో, నార్త్‌డేల్ చివర, మామగారు వదిలిపోయిన చెక్కా రేకుల ఇంట్లో బెరిల్ అవ్వతో కాపురం. అవ్వకి ఉబ్బసం. చలికాలం రేకులు చెమ్మ పట్టాయంటే తెల్లవార్లూ కూర్చునే ఉండేది. చచ్చేలోగా ఇటుక గదిలో పడుకోవాలన్నదొక్కటే ఆమె కోరిక.

తెల్లా నల్లా తేడా లేకుండా ఆ దేశంలో మొదటిసారి అందరూ ఓటేసిన ఏడాది తాత ఆ కోరిక నెత్తికెత్తుకున్నాడు. ఇంటి పక్క జాగా అంతా వాన కోసిన గండి. దాన్ని మట్టితో, బూడిదతో, ఇటుక ముక్కలతో నింపేశాడు. పొర పొరకీ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలని మేస్త్రీ క్లారెన్స్ చెప్పి చూశాడు. వింటేగా. తాత తమ చర్చి వాళ్లని పిలిచి, ఆ మట్టి మీదే గుడారం వేయించాడు. పెంతెకోస్తు వాళ్లకి పాట అందుకుంటే కాళ్లు నిలవవు. ఆదివారాలన్నీ గెంతి గెంతి తొక్కారు. తాతా గెంతాడు, పుణ్యం కన్నా దుమ్మే ఎక్కువ లేచింది. ప్రార్థనకి ప్రార్థన, దిమ్మిసకి దిమ్మిస అని మురిసిపోయాడు. పైనేల రాయిలా బిగిసింది. గది లేచింది. అవ్వ మంచం అందులోకి మారింది. ఆ చలికాలం ఆమె నిద్రపోయింది.

తర్వాతి వేసవిలో ఒక ఉదయం భూమి కదిలింది. వీధిలో చాలామంది లారీ పోయిందనుకున్నారు. రేకుల ఇల్లు కిర్రుమని ఊగి ఊరుకుంది. ఇటుక గది మాత్రం ఓ మూల కుంగి, గోడ నిలువునా చెయ్యి దూరేంత పగిలింది.

ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు కార్తికేయ వచ్చి గడ్డపార దింపి చూశాడు. మోకాలి లోతు దాకా గట్టి, ఆ కింద అంతా గుల్ల. గుల్ల మట్టి కుదుపుని పెంచుతుందట. బరువైన ఇటుక గోడ వంగలేక విరిగిందట, తేలికైన చెక్క ఇల్లు ఊగి తట్టుకుందట.

“గోడ తప్పేం లేదు తాతగారూ, జబ్బు నేలకి. ఇంకోసారి కదిలినా, పెద్ద వాన పడినా కూలిపోతుంది. అవ్వగారిని ఇవాళే బయటికి తెచ్చేయండి.”

సిమెంటు పూస్తే సరిపోదా అని తాత బతిమాలాడు. సరిపోదన్నాడు కార్తికేయ.

అవ్వ మంచం దిగనంది. “మల్లా ఆ రేకుల్లోకేనా అయ్యా? నేనీడే పోతాను. గోడ పడితే ఒక్కసారే పోతాను, ఊపిరికోసం కొట్టుకోనక్కర్లేదు.”

“నాను పోసిన మట్టి వల్ల నువ్వు పోవాలా, బెరిల్?”

తాత ఆమెని మంచం మీంచి ఎత్తుకున్నాడు. ఆమె ఆయన మెడ పట్టుకోలేదు.

ఆ వారమే సమ్మెటతో గది కూల్చాడు. ప్రతి దెబ్బా రేకుల్లోంచి అవ్వకి వినపడింది. చలి మొదలవగానే దగ్గు తిరిగొచ్చింది. అక్కడ చలికాలానికి ఆఖరైన ఆగస్టు దాటకుండా పోయింది.

గోడ మీద పడి మాత్రం పోలేదని తాత సమాధి దగ్గర పాస్టరుతో అన్నాడు. ఆయన తలూపితే చాలదన్నట్టు మళ్లీ అన్నాడు.