తన ఛార్జీ తాను చెప్పలేని టికెట్ తాత

ముప్పై మూడేళ్లపాటు ఆయన రైల్వే స్టేషన్‌లో టికెట్ కిటికీ వెనక కూర్చుని, ఏ ఊరికి ఎంతో అడిగినవాళ్లందరికీ చెప్పాడు. కోటు వేసుకున్నవాడికీ, చెప్పులు తెగినవాడికీ ఒకే గొంతుతో, తల ఎత్తకుండా చెప్పాడు. ఏ బతిమాలుడికీ దమ్మిడీ తగ్గలేదు. అంతటి మనిషికి, రిటైరయ్యాక సొంత వెల చెప్పుకోవలసి వచ్చేసరికి, నోట్లో నాలుక ఉందో లేదో తడుముకునే పరిస్థితి దాపురించింది.

డిసెంబరులో ఇరవై నాలుగు రోజులు ఆయన ఒక బొమ్మల దుకాణంలో క్రిస్మస్ తాత. వీధిలో అందరూ టికెట్ తాత అంటారు. ఈ ఉద్యోగానికి కావలసిన పొట్ట ఆయన సొంతం. గడ్డం కొన్నది. ఎర్ర వెల్వెట్ కోటు మాత్రం భార్య కుట్టింది. ఆవిడ దర్జీ. కుట్టినవాళ్లకు చింపే హక్కు కూడా ఉంటుందని ఆవిడ సిద్ధాంతం.

"ఏమండీ, ఈసారీ నిరుటి రేటుకే తల ఊపి వచ్చారంటే, ఈ కోటు నాలుగు దిండు గలీబులవుతుంది. కొలతలు కూడా తీసుకున్నాను."

"నా కొలతలా?"

"సోఫావి."

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. నిరుడు ఆయన కోటు బాగుందో లేదో దుకాణం మేనేజరుకు చూపిద్దామని పూర్తి వేషంలో బేరానికి వెళ్లాడు. "తాతలు ఇస్తారు గానీ అడుగుతారా?" అన్నాడు మేనేజరు. ఆయన హోహోహో అని నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు సగం జీతం, పైగా రోజూ ఒక గంట ఉచితం. కోటు ఉతుకుడూ, బుగ్గల మీద జిగురు వదిలించే మందూ, గొంతు బిళ్లలూ పోగా మిగిలినదాన్ని భార్య బల్లమీద పెట్టి, "ఇదుగోండి మీ సంపాదన, ఊదకండి, ఎగిరిపోతుంది" అంది.

దిండ్ల సంగతి ఆయన పైకి నవ్వుతూనే విన్నాడు గానీ, అది ఆయనకు నవ్వులాట కాదు. రిటైరైన నాటినుంచి ఆయన ముందు ఎవరూ వరసకట్టలేదు, ఆ ఇరవై నాలుగు రోజులు తప్ప. ఆ వరసలో విసుగుండదు. మెట్లదాకా నిలబడి, తమ వంతు రాగానే చెప్పాలనుకున్నదంతా మరిచిపోయే మనుషులుంటారు, అందరికన్నా పెద్దవాడికి ఏడేళ్లు. ఇంక కోటు దిండైపోతే ఏడాదికి పన్నెండు నెలలూ ఆయన ఉత్త పెద్దమనిషే.

"వేషం లేకుండా వెళ్లండి. గడ్డం మీదుంటే మీకు సిగ్గు వేస్తుంది," అంది భార్య. రేటు మాత్రం ఇద్దరూ కూర్చుని కట్టారు. దారిపొడుగునా ఆయన దాన్ని ఎక్కాల్లా వల్లించుకున్నాడు. దుకాణం గుమ్మం దాటగానే మొదటి అంకె ఎగిరిపోయింది.

ఆఫీసు గదంటే నగదు కౌంటరు అద్దం వెనక ఇరుకు చోటు. అక్కడ ఉన్నది ఒకే కుర్చీ, క్యాషియరుది. క్యాషియరు భోజనానికి వెళ్లాడు. "కూర్చోండి పెద్దాయనా, ఇప్పుడే వస్తా," అంటూ మేనేజరు పక్కనే కూలిన డబ్బాల గుట్ట సర్దించడానికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి ఆ డబ్బాలే మళ్లీ కూలి తలుపుకు అడ్డం పడి ఉన్నాయి. చేసేదిలేక అద్దానికి బయటి పక్క నిలబడి, డబ్బులిచ్చే కన్నం దగ్గరికి వంగి, "ఊఁ, చెప్పండి, ఈసారి ఎంత?" అన్నాడు.

కన్నంలోంచి ఎంత అనే మాట వినపడగానే ముప్పై మూడేళ్లు లేచి కూర్చున్నాయి. టికెట్ తాత తల ఎత్తలేదు.

"ఎన్ని రోజులు?"

"ఇ... ఇరవై నాలుగు."

"గంటకు ఎనిమిది వందలు. రోజుకు కనీసం మూడు గంటలు. మధ్యలో ఇరవై నిమిషాలు విరామం. ఉతుకుడు ఖర్చు వేరే. వేళ దాటితే అదనం."

"అమ్మో! కాస్త చూడండి పెద్దాయనా. దూదిగడ్డం పెట్టుకుని సగానికే వస్తానని ఒకాయన..."

"ఆ రేటు పక్క కౌంటరులో."

మేనేజరు నిజంగానే పక్కకు చూశాడు. అక్కడ గోడ ఉంది. గోడను చూస్తూనే గొంతు తగ్గించి, "ఆయన్ని నిన్న పెట్టి చూశాంలెండి. ఒక పాప తుమ్మింది. గడ్డం వెళ్లి ఆ పాప ఒళ్లో పడింది. ఇంకా వెక్కుతూనే ఉందట," అన్నాడు.

"అడ్వాన్సు మూడో వంతు. చిల్లర సరిగ్గా ఇవ్వండి," అన్నాడు టికెట్ తాత.

కన్నంలోంచి నోట్లు లోపలికి వచ్చాయి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, క్యాషియరు పుస్తకంలో రసీదు రాసి చింపి, ముద్ర కోసం చెయ్యి చాపాడు. ముద్ర లేదు. అప్పుడు గాని తానెక్కడున్నాడో తెలియలేదు. తెలియగానే చాపిన చెయ్యి గబుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు. అదృష్టవశాత్తూ కౌంటరు నడుముదాకా చెక్క.

రసీదు మడుచుకుంటూ, "నిరుడు ఇంత గట్టిగా లేరే?" అన్నాడు మేనేజరు.

"నిరుడు గడ్డం అడ్డొచ్చింది బాబూ."

ఇంటికి వచ్చేసరికి కోటు బల్లమీద పరచి ఉంది, భార్య చేతిలో కత్తెర ఉంది. ఆయన నోట్లు చూపించి, జరిగిందంతా రెండుసార్లు చెప్పాడు. రెండోసారి కౌంటరు కొంచెం ఎత్తు పెరిగింది. ఆవిడ ఎర్ర వెల్వెట్‌లోకి కత్తెర దించింది.

"అయ్యయ్యో, ఒప్పుకున్నాడన్నాను కదే!"

"పక్క కుట్లు విప్పుతున్నానండీ. ఏడాదిలో పొట్ట రెండంగుళాలు పెంచారు. చేతులెత్తండి." మెడలోని టేపు తీసి ఆయన చుట్టూ తిప్పింది. "రెండు కాదు, మూడు. కుట్టుకూలి వేరే."

"నా దగ్గర కూడానా? కాస్త తగ్గించవే."

ఆవిడ తల ఎత్తలేదు. "ఆ రేటు పక్క కౌంటరులో," అంది.

ఆయన చేతులు పైకెత్తి బుద్ధిగా నిలబడ్డాడు.