బావ చేతులెత్తితేనే

రెండు చేతులూ నెత్తికి పైన బారెడెత్తు లేపి, ఒక్క క్షణం ఆపి, దభీమని దించితే తప్ప బావ ఏ పనీ మొదలుపెట్టడు. అన్నం కలపాలన్నా అంతే, తలుపు తాళం తియ్యాలన్నా అంతే. బస్టాపులో నిలబడి పేపరు విప్పబోతే, అక్కడ ఆగక్కర్లేని బస్సులు కూడా ఆగేవి. ఒకసారి బ్యాంకులో సంతకానికి ముందు చేతులెత్తాడు. తన వెనక ఎవడో తుపాకీ పట్టుకుని నిలబడ్డాడనుకుని కిటికీలోని గుమస్తా తానూ ఎత్తేసింది. ఆవిణ్ణి చూసి మేనేజరు ఎత్తాడు. బావ ప్రశాంతంగా దించుకుని, సంతకం పెట్టి, అందరూ ఎందుకలా నిలబడ్డారని అడిగాడట.

చేసేది రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించడం. బ్యాండంతా ఇంట్లో మనుషులే. అన్నయ్య గిటారు, చెల్లెలు పాట, అక్క మొగుడు డ్రమ్స్. బావ చేతులు లేస్తే చాలు, ముందు నిలబడి పాడుతున్న చెల్లెల్ని వదిలేసి జనం వెనక్కి చూసేవారు. నీళ్లలో మునుగుతున్నవాడు ఒడ్డునున్నవాళ్లని పిలుస్తున్నట్టుందని ఒక పత్రిక రాసింది. బావ ఆ ముక్క కత్తిరించి డ్రమ్ముకి అతికించుకున్నాడు. ఆ చేతుల మీద అందరికంటే ఎక్కువ సణిగింది అన్నయ్య. మామూలుగా అయితే పిలిచినా పలికే మనిషి కాడు. కళాకారుడన్నాక ఆ మాత్రం పొగరుండాలని లోకం గౌరవించింది.

రోజులు బాగున్నప్పుడు రికార్డింగు కంపెనీవాళ్లు వచ్చారు. పాట నచ్చింది, గిటారు నచ్చింది, వెనక ఆ కోతి చేష్టలు మానిపిస్తే ఒప్పందం రాసుకుందామన్నారు.

"చేతులు దించితే తాళం తప్పుతుందండీ," అన్నాడు బావ వినయంగా.

చెల్లెలు బతిమాలింది, అరిచింది, మాట్లాడటం మానేసింది. బావ కదల్లేదు. కంపెనీ వెళ్లిపోయింది, దాని వెనకాలే బ్యాండూ.

ఇప్పుడామె రైల్వే స్టేషనులో ప్రకటనలు చెబుతుంది. ముందు మైకుంది, అద్దానికవతల కావలసినంత జనముంది. చెప్పాల్సింది మాత్రం బండి ఆలస్యమని. ఒక్కోసారి చెప్పడం అయిపోయాక కూడా మీట వదలకుండా ఊపిరి బిగబడుతుంది, వెనకనుంచి డ్రమ్ము మోగుతుందేమోనని. మోగదు. జనం పెట్టెలు సర్దుకుంటారు. ఆమె మీట వదిలేస్తుంది.

అందుకే, వాళ్లు మొదటిసారి పాడిన హాలు పడగొడుతున్నారనీ, ఆఖరి సాయంత్రం ఒక్క పాట పాడమనీ కబురు రాగానే అన్నయ్యని వెంటబెట్టుకుని అక్కావాళ్ల కారు షెడ్డుకి పరుగెత్తింది. దుప్పటి ముసుగేసుకుని డ్రమ్స్ అక్కడే ఉన్నాయి. ఆమెది ఒకటే షరతు.

"ఈ ఒక్కసారికి చేతులు కిందే ఉంచు బావా. జన్మలో ఇంకేమీ అడగను."

బావ ఆమె మొహం చూశాడు. మూల నిలబడి గిటారు తీగలు బిగిస్తున్న అన్నయ్యని చూశాడు. రెండోసారి కాదనలేకపోయాడు.

"అలాగేలే తల్లీ."

ఒళ్లోనే పుల్లలు టకటకలాడించి మొదలుపెట్టాడు. షెడ్డు రేకులు అదిరాయి. అన్నయ్య మాత్రం గిటారు మీద చెయ్యి వేసుకుని, బావ నెత్తికి పైన ఉన్న ఖాళీలోకి చూస్తూ నిలబడ్డాడు, రాని బస్సు కోసం చూసేవాడిలా. డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి.

"మొదలుపెట్టవేం బావా?" అన్నాడు విసుగ్గా.

బావ చప్పున ఆపేశాడు. భుజం పట్టేసిందని గొణిగి, ఒళ్లు విరుచుకుంటున్నట్టు రెండు చేతులూ పైకెత్తి దించాడు. గిటారు అందుకుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

చెల్లెలు తన పాట అందుకోవడం మరిచిపోయింది. కంపెనీవాళ్ల ముందు తాళం తప్పుతుందన్న మాట గుర్తొచ్చింది. ఎవరికి తప్పుతుందో బావ చెప్పలేదు. స్టేజీ మీద మాత్రమే చేతులెత్తితే ఎవరికోసమని ఎవరో ఒకరు ఆరా తీసేవారు. బ్యాంకులో, బస్టాపులో, కంచం ముందు ఎత్తేవాణ్ణి ఎవరడుగుతారు? తిక్కమనిషి అని వదిలేస్తారు. తన చెవుల సంగతి ఎవరికీ తెలియదన్న ధీమాతో అన్నయ్య ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం హాలు నిండింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి బావ పుల్లలు ఒళ్లో పెట్టుకుని బిక్కమొహంతో ఆమె వంక చూశాడు.

"ఇంకాస్త పైకెత్తు బావా," అంది చెల్లెలు, మైకులోనే. "వెనక వరసకి కనబడొద్దూ?"

అని తానూ ఎత్తింది.

"నీకూ అంటుకుందా ఈ రోగం?" అని సణిగాడు అన్నయ్య. చేతులన్నీ దిగిన క్షణానికే అతని తీగ పలికింది.

మర్నాడు స్టేషనులో మీట నొక్కబోతూ ఉంటే ఆమె చేతులు వాటంతటవే లేచాయి. అద్దానికవతల కూలీ ఒకడు కంగారుగా నెత్తిమీది పెట్టె దించి, తానూ ఎత్తాడు.