మా ఆయన కోయించిన ఫ్లైవీల్

మెట్టుగూడలో మా ఇంటి నుంచి మా ఆయన ఆఫీసుకు మూడు కిలోమీటర్లు. దారిలో నాలుగు సిగ్నళ్ళు, ఒక ఫ్లైఓవర్, ఎటు చూసినా ఆటోలు. ఈ దారిలో ఆయన మోటారుసైకిలుకు పికప్ కావాలట. "ఎక్కడ వాడతారండీ ఆ పికప్పు?" అని అడిగితే "నీకు తెలీదులే" అన్నాడు. నాకు తెలిసినంతలో, పచ్చ లైటు పడగానే అందరికంటే ముందు దూకుతాడు, పది గజాల అవతల ఆటో వెనక బ్రేకు కొట్టి ఆగుతాడు. నింపాదిగా వచ్చిన పాలబండి ఆయన పక్కనే ఆగుతుంది. ఆ పది గజాల కోసం ఇంజను విప్పించాడు మహానుభావుడు.

అంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చిన విద్య. ఇంజనులో ఫ్లైవీల్ అని ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాన్ని లేత్ మిషను మీద పెట్టి చుట్టూ కోయిస్తే బరువు తగ్గుతుందని, అప్పుడు యాక్సిలరేటర్ తిప్పీ తిప్పకముందే ఇంజను అందుకుంటుందని వారం రోజులు నా చెవిలో జోరీగలా రొద పెట్టాడు. బన్సీలాల్‌పేట్‌లో సొంతంగా లేత్ ఉన్న ఒక మెకానిక్ దగ్గరికెళ్ళి ఆ పని కాస్తా చేయించుకొచ్చాడు. ఇంటి ముందు స్టాండు వేసి యాక్సిలరేటర్ తిప్పి, "చూసావేటి, ఎలాగ అరుస్తుందో!" అని మురిసిపోయాడు. అరవడానికి ఇంట్లో మీరొకరు చాలరా అన్నాను. వినిపించుకోలేదు.

ఇక్కడి దాకా ఆయన పిచ్చి ఆయనకానందం. నా గొడవ వేరే ఉంది.

నేనొక డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్ని. పొద్దున వచ్చినవాళ్ళకు నెత్తురు తీయడం, ఆపైన సాయంత్రం దాకా కిటికీ లేని గదిలో ఆ ట్యూబులు మెషీన్లో పెట్టి తిప్పడం. తొమ్మిదేళ్ళుగా ఇదే. ఆ మధ్య ఇళ్ళకు వెళ్ళి శాంపిళ్ళు తెచ్చే పని ఒకటి ఖాళీ అయింది. మెట్టుగూడ, సీతాఫల్‌మండి వైపంతా ఒక్కరే చూసుకోవాలి. సుఖంగా నీడపట్టున కూర్చునేదానివి, ఎండన పడి తిరుగుతావా అన్నాడు మా ఆయన. ఆ గదిలో ఒక్క రోజు కూర్చుని చూడమనండి, తెలుస్తుంది సుఖం. సెంటర్ బళ్ళన్నీ గేర్లవి. గేర్ల బండి లైసెన్సు తెచ్చుకుంటే పని నీదే, రెండు నెలలు ఆగుతానని మా ఇన్‌చార్జి మేడమ్ మాటిచ్చింది. ఎగిరి గంతేశాను. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను. నేర్పడానికి ఇంట్లోనే గురువుగారున్నారు కదా.

రోజూ తెల్లారగానే ఆయన బండి మీదే రైల్వే క్వార్టర్ల పక్క గ్రౌండుకు వెళ్ళేవాళ్ళం. రెండు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వేయాలి. టెస్టులో అదే అడుగుతారు. కాలు కింద పెట్టకూడదు, ఇంజను ఆగకూడదు. ఎనిమిది వేయాలంటే బండి నత్తనడక నడవాలి. నేను మలుపు తిరిగేసరికి ఇంజను టక్కున ఆగిపోయేది, కాలు నేల మీద పడేది. వెనక నుంచి మా ఆయన కేక. "క్లచ్ ఒక్కపాలే ఒగ్గేకే! మెల్లగా, మెల్లగా!"

మెల్లగానే వదిలేదాన్ని. అయినా ఆగిపోయేది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? చేతిలో కంట్రోల్ ఉండాలి. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు." నడకకు వచ్చే పెద్దాయన ఒకరు నన్ను చూసి జాలిపడి, "గీ గేర్ల బండి ఎందుకు బిడ్డా, స్కూటీ తీస్కోరాదూ" అని రోజూ చెప్పి పోయేవాడు. నేను వంటింట్లో చపాతీ కర్ర పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పుతూ క్లచ్ వదలడం సాధన చేశాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వండి. రెండుసార్లు పోపు కూడా మాడింది.

టెస్టులో రెండో మలుపు దగ్గరే బండి ఆగింది. కాలు పడింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద గీత కొట్టి, "ఏందమ్మా, క్లచ్ సుత పట్టుకోనీకె రాకపాయె. జెర మంచిగ నేర్చుకొని రా" అన్నాడు. తిరిగొస్తుంటే దారి పొడుగునా మా ఆయన ఒకటే పాట. క్లచ్ ప్లేట్లు అరగదీసేసానట, ఇప్పుడు అవీ మార్పించాలట. ఇంటికొచ్చి నా చేతులు చూసుకుని ఏడ్చాను. నెలల పిల్లకి ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకునే చేతులు. సెంటర్‌లో ఎవరికీ దొరకని నరమైతే నన్నే పిలుస్తారు. అలాంటి చేతులకు కంట్రోల్ లేదని నేనే ఒప్పేసుకున్నాను. మేడమ్‌కి ఫోన్ చేసి ఆ పని ఇంకెవరికైనా ఇచ్చేయండి అని చెబుదామనుకున్నాను. ఆమె ఫోన్ ఎత్తలేదు కాబట్టి బతికిపోయాను.

లైసెన్సు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకు అదే ధ్యాస ఉంటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు వచ్చింది. ఇప్పుడు ఆ పనే చేస్తున్నాను. కానీ నాకు గుర్తుండిపోయింది లైసెన్సు వచ్చిన రోజు కాదు, అంతకు ముందు ఆదివారం.

ఆ ఆదివారం క్లచ్ ప్లేట్ల కోసం బన్సీలాల్‌పేట్ మెకానిక్ దగ్గరికే వెళ్ళాం. బండి అప్పగించి మా ఆయన ఫోన్ మాట్లాడుతూ రోడ్డు అవతలికి, చాయ్ తాగడానికి పోయాడు. మెకానిక్ విప్పి చూసి, "ప్లేట్లు మంచిగనే ఉన్నయి గద మేడమ్, ఎవరు ఖరాబైనయన్నరు?" అన్నాడు.

"నాకు నడపడం రాదన్నా. ఎనిమిది వేస్తుంటే ఆగిపోతుంది" అన్నాను, తలకాయ దించుకుని.

ఆయన నవ్వాడు. "మీకు రాకపోవుడేంది మేడమ్, మ్యాగ్నెట్ కోసినంక గట్లనే ఐతది." ఫ్లైవీల్‌ని ఆయన మ్యాగ్నెట్ అంటాడు. "తిరగలి రాయి బరువుంటెనే గద, జెర చెయ్యి తీసినా తిరుగుతనే ఉంటది? పతలా రాయి ఐతే యాడిదాడ్నే ఆగుతది. గిది సుత గంతే. స్లోగ పోతే బంద్ పడ్తది, తక్లీఫ్ ఐతదని సార్‌కి కోసే ముంగటనే చెప్పిన. నాకేం పరేషాన్ లేదు, కొయ్యి అన్నడు. మొన్న సుత వచ్చిండు, మా ఇంటామె నేర్చుకుంటుంది, మాటిమాటికి ఆగుతుందని. పాత బరువుది ఒకటి ఉంది, ఏసుకోమన్న. వద్దన్నడు."

మొన్న సుత వచ్చిండు. అంటే మా ఆయనకు తెలుసు. అన్నీ తెలిసే రోజూ పొద్దున్నే నా వెనక నిలబడి క్లచ్ క్లచ్ అని అరిచాడు. చక్రం కోయించి తప్పు చేశానని నా దగ్గర ఒప్పుకోవడం కంటే, పెళ్ళాం చేతకానిదవడమే ఆయనకు నయమనిపించింది. ఛీ.

ఇప్పటికి విప్పింది బిగించెయ్యమని, బరువు చక్రం రేపు వేయమని మెకానిక్‌తో చెప్పాను. మా ఆయన చాయ్ తాగి రాగానే, "పదండి, గ్రౌండుకు" అన్నాను.

"ఇప్పుడేటి? ఎండ."

"పదండి."

నా మొహం చూసి బండెక్కాడు. గ్రౌండులో ఇటుకలు నేనే పెట్టాను. ఎనిమిది వేసి చూపించండి, చూసి నేర్చుకుంటాను అన్నాను. పాతికేళ్ళుగా బళ్ళు తోలుతున్న మనిషి. మొదటి మలుపులో ఇంజను ఆగింది, కాలు పడింది. కిక్ కొట్టాడు. మళ్ళీ అక్కడే. మూడోసారి ఇటుకను గుద్ది, పక్కకు ఒరిగి, రెండు కాళ్ళూ ఆన్చి నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

"దీని తస్సదియ్య! బండిలోనే ఉంది తప్పు. ఆ చక్రం కోసినప్పటి నుంచీ ఇంతే" అన్నాడు.

ఎంతసేపు పట్టిందండీ ఆ మాట రావడానికి? మూడు నిమిషాలు. నెల రోజులుగా నా ముందు నోరు దాటి రాని మాట, తన కాలు మూడుసార్లు కింద పడేసరికి తన్నుకుంటూ వచ్చింది.

"మరి నాతో ఎందుకు అనలేదండీ ఈ ముక్క?"

బండి స్టాండు వేశాడు. తర్వాత, ఏదో దొరికినట్టు మొహం పెట్టి, "నువ్వు అడిగావేటి?" అన్నాడు.

నిజమే, నేను అడగలేదు. నెల రోజుల్లో ఒక్క పూటైనా, తప్పు బండిలో ఉందేమోనన్న అనుమానం నాకు రాలేదు. అది తలుచుకుంటే, ఆయన మీద కంటే నా మీదే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది.