వరుస తప్పిన భోజనం

తిండి విషయంలో నేను మొదటినుంచీ మొద్దునే. మనిషికి పడనిది ఏదైనా ఉంటే అది పదార్థంలోనే ఉంటుందని, వంకాయలోనో గోంగూరలోనో చక్కెరలోనో దాక్కుని ఉంటుందని, దాన్ని ఏరి పక్కన పెడితే తక్కినదంతా హాయిగా తినవచ్చని చాలాకాలం నమ్మినవాణ్ణి. కన్నతల్లితో నలభై ఏళ్ళకు పైగా ఒకే కప్పు కింద కూర్చుని తిని కూడా ఆమెకు ఏది పడదో తెలుసుకోలేకపోయిన నా తెలివిని గురించి చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా సిగ్గుకు కూడా వయసు మళ్ళింది కాబట్టి చెబుతున్నాను.

ఈ పాత సంగతిని తవ్వి పైకి తీసింది మా కోడలి ఫోను. మొన్న ఎండాకాలం సెలవుల్లో మనవణ్ణి నీళ్ళ పార్కుకు తీసుకుపోదామని ఆమె ఫోనులోనే టికెట్లు తీస్తూ ఉంటే, ఎవరెవరికి తిండిలో ఏమేమి పడవో చెప్పమని అది ఒక్కొక్కరి పేరునా అడిగిందట. మా ఇంట్లో వాటికి కొదవ లేదు. మా అబ్బాయికి షుగరు, అన్నం తగ్గించమన్నారు. కోడలికి గోధుమ పడదు. మనవడు కోడిగుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు. మా ఆవిడకు బీపీ, ఉప్పు ముట్టకూడదు. ఒకప్పుడు మా అనంతపురం జిల్లాలో అందరికీ కలిపి కరువు ఒక్కటే పథ్యం పెట్టేది. ఇప్పుడు తలకొక డాక్టరు, తలకొక పథ్యం. "నీకేం పడదు మామా?" అని కోడలు నన్నూ అడిగింది. "నాకన్నీ పడతాయమ్మా. మోకాళ్ళు బాగలేక నేనే అప్పుడప్పుడు పడతాంటా" అన్నాను. మనవడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో కోడలు ఆ పార్కు పేరు చెప్పింది. అది నాకు తెలిసిన పార్కే.

ఆ పార్కు కొత్తగా తెరిచిన రోజుల్లో నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర మగ్గం నేసేవాణ్ణి. ఆ ఏడు పెళ్ళి ముహూర్తాలు దండిగా ఉండి చీరలు నిలవకుండా అమ్ముడుపోయేసరికి షావుకారుకు ఎన్నడూ లేని ఉదారబుద్ధి పుట్టి, మగ్గాలవాళ్ళందరినీ పెళ్ళాం బిడ్డలతో సహా బస్సెక్కించి ఆ వింత చూపించి తెస్తానన్నాడు. దారాలే తప్ప దారులు ఎరుగని జనం మేము; పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పడుగూ పేకల మధ్య బతికేవాళ్ళం. ఆ మాట వినగానే పేటంతా పండగైపోయింది. అమ్మ మొదట రానంది. మా అబ్బాయి అప్పటికి చిన్నవాడు, అవ్వ కొంగు పట్టుకుని వదలకపోయేసరికి వాడి మాట కాదనలేక బయలుదేరింది.

అమ్మకు అప్పటికే షుగరు ముదిరి, రోజూ పొద్దున్నే సూది వేయించుకునేది. వేళకు నాలుగు ముద్దలు లోపలికి పోకపోతే చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్ళు తేలేసేది. అందువల్ల మా ఆవిడ తెల్లవారకముందే లేచి, స్టీలు డబ్బాలో రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి సర్ది, మధ్యాహ్నానికి అత్తకు ఏ లోటూ రాకుండా మూట కట్టింది.

బెంగళూరు రోడ్డు మీద, మా జిల్లా పొలిమేర దాటకముందే ఉండేది ఆ పార్కు. దారికి రెండు పక్కలా చెనిక్కాయ చేలు వాన లేక బూడిద రంగుకు తిరిగి ఉంటే, నడుమ ఆ ప్రహరీ లోపల నీళ్ళు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పని లేకుండా తిరుగుతున్నాయి. ఒకచోట గొట్టాల్లోంచి వాన కురిపిస్తుంటే దాని కింద జనం చిందులు వేస్తున్నారు. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి, "ఈ వాన యాడిదిరా? దీనికి మన కయ్యల దావ తెలీదా?" అంది. నాకప్పుడు అది హాస్యంగానే వినిపించింది. ఎన్ని బోర్లు వేసినా దుమ్ము తప్ప చుక్క రాక, చివరికి నాయన అమ్ముకున్న ఆ రెండు కయ్యల పొలం ఆమె కళ్ళముందు ఉందని ఇప్పుడు తోస్తుంది.

అయితే అంతకు ముందే, గేటు దగ్గరే, నేను చేయవలసిన తెలివితక్కువ పని చేసేశాను. బయటి తిండి లోపలికి తీసుకుపోరాదని, లోపల అన్నీ దొరుకుతాయని అక్కడ పెద్ద బోర్డు ఉంది. పేటలో నలుగురికీ ఉత్తరాలు చదివిపెట్టేవాణ్ణి కాబట్టి అచ్చులో ఉన్నదల్లా నిజమని నాకొక నమ్మకం. కావలివాడు సంచులు వెతుకుతూ అమ్మ డబ్బా పైకి తీయగానే, తక్కినవాళ్ళు వాడితో వాదం పెట్టుకుంటూ ఉండగా, నేను మర్యాదస్తుడిలా దాన్ని వాడి చేతికిచ్చి, లోపల వేడివేడిగా తిందువులే అని అమ్మకు సర్దిచెప్పాను. అమ్మ ఆ డబ్బా వైపు ఒకసారి చూసి లోపలికి నడిచింది.

మధ్యాహ్నమైంది. భోజనాల శాల పెద్దది, చల్లనిది. కానీ వడ్డించేవాళ్ళు లేరు. ఇనుప కడ్డీలు పాతి, వాటి నడుమ వంకరలు తిరిగిన వరుస. ప్రతివాడి చేతిలో ఖాళీ పళ్ళెం. చివర గరిటె పట్టుకున్న ఒక మనిషి. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వరుసలో నిలబడి, చాలాసేపటికి ఇడ్లీలు తెచ్చి ముందు పెట్టాను. చేయి కూడా చాచలేదు.

"ఆకిలి లేదు. మీరు తినండి."

"సూది ఏసుకున్యావు గదత్తా, తినకుంటే ఎట్లా?" అని మా ఆవిడ బతిమాలింది.

"వరసలో తెచ్చిన కూడు నాకొద్దు."

"నువ్వేం నిలబడలేదు గదమ్మా, నేను కదా నిలబడింది" అన్నాను నేను, గొప్ప ఉపాయం కనిపెట్టినవాడిలా.

"ఎవురు నిలబడితే ఏమిరా, వరస వరసే."

ఇది కొత్త కాదు. పెళ్ళిళ్ళలో ఆకులు పరిచి బంతులు పెట్టినన్నాళ్ళూ ఆమె అందరితో పాటు కూర్చుని తృప్తిగా తినేది. పళ్ళాలు పట్టుకుని నిలబడే భోజనాలు వచ్చాక మాత్రం అక్షతలు వేసి, ఇంటికి వచ్చి, మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కుని తాగేది. మర్యాద చాలలేదని అలిగిందని చుట్టాలు అనుకున్నారు. మగ్గం నేసేవాడి తల్లికి ఇంత డంబం ఏమిటని ఎత్తిపొడిచారు కూడా. చుట్టాల మాటేమిటి, నేనూ అంతే అనుకున్నాను. అందువల్లే ఆవేళ నాకు జాలికి ముందు కోపం వచ్చింది. అయితే ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే అమ్మ చేతులు బల్ల మీద వణకడం మొదలుపెట్టాయి. నుదుటి మీద చెమట. మాట తడబడుతోంది. మా ఆవిడ అబ్బాయి చేతిలోని చాక్లెట్టు లాక్కుని ఆమె నోట్లో కుక్కితే కాస్త తెప్పరిల్లింది గానీ, వెంటనే కడుపులో ఏదైనా పడాలని మా ఇద్దరికీ తెలుసు. నేను గేటు వైపు పరుగెత్తాను.

ఆ డబ్బా చెత్తడ్రమ్ములో పడిపోయి ఉంటుందనే అనుకున్నాను. కావలివాడు దాన్ని తన స్టూలు కింద దాచి ఉంచాడు. "కూడు పారేసేకి చెయ్యి రాలేదన్నా" అన్నాడు. కానీ లోపలికి మాత్రం ఇవ్వలేనన్నాడు. "అవ్వను ఈడికే పిల్చుకోని రా. బయట తింటే నన్నెవురూ ఏమనరు. కాకుంటే మళ్ళా లోపలికి పంపేకి కాదు, చూసుకో." చూసుకోవడానికేముంది. నేనూ అమ్మా బయటికి వచ్చేశాం. మా ఆవిడ పిల్లవాడితో లోపల ఉండిపోయింది.

ప్రహరీగోడ నీడ సన్నగా, పంచె అంచులా ఉంది. అందులో ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం. అమ్మ సంగటి తుంచి, ఊరుబిండి అద్దుకుని, నమలకుండానే మింగసాగింది. కావలివాడు చెంబుతో నీళ్ళు తెచ్చిపెట్టి పోయాడు. ఆమె చేతుల వణుకు తగ్గేదాకా నేను నోరు మూసుకుని ఉండవలసింది. ఉండలేక, ఇంత పట్టుదల ఎందుకమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకునేంత మర్యాద మనకెందుకు అని దెప్పాను.

అమ్మ చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"నీ చెల్లెలు జరంతో పోయిందని చెప్పినాం గదరా నీకు. జరం కాదు. నువ్వప్పుడు మడకశిరలో మీ మామోల్లింట్లో ఉండావు. ఈడ కరువు. గంజి పోస్తాన్యారంటే పొద్దన్నే పోయి వరసలో నిలబడుకుంటి, పిల్లను సంకనేసుకోని. ఎండ. నా ముందర ఇంగ ఇద్దరో ముగ్గురో ఉండారు, అప్పుడు గంగాళంలో గరిటె అడుగు గీకిన సప్పుడు ఇనిపిచ్చె. అయిపాయ, రేపు రాండి అన్యారు. పిల్ల ఏడుపు ఆపి ఎంతసేపాయెనో నేను చూసుకోలా. నిద్రపోయిందనుకుంటి."

డబ్బాకు మూత పెట్టి మళ్ళీ అంది. "రేపు రమ్మన్యారు. రేపు ఎవురికోసరం పోవల్ల?"

ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని ఆ కరువులో నన్ను మామ గొర్రెల వెంట తిరగడానికి మడకశిరకు పంపారు. తిరిగి వచ్చేసరికి చెల్లెలు లేదు. జ్వరమన్నారు, నమ్మాను. అచ్చులో లేకపోయినా అమ్మ నోట్లోంచి వచ్చింది కాబట్టి నమ్మాను. చిన్నప్పుడు దాన్ని ఎత్తుకుని తిప్పానని అంటారు. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ముఖం గుర్తుకు రాదు. గోడ అవతల దొంగవాన కురుస్తూనే ఉంది. పిల్లలు కేకలు వేస్తున్నారు. మా వాడి కేక ఏదో పోల్చుకోవాలని చెవి ఒగ్గి, అది కూడా చేతకాక, బస్సు వచ్చేదాకా అమ్మ పక్కన అట్లాగే కూర్చున్నాను. నా ఓదార్పుతో ఆమెకు పనిలేదు. ఆ బరువును ఒంటరిగా మోసి మోసి అలవాటు చేసుకున్న మనిషి.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు లేదు అమ్మ. చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా, రోగుల బంధువులు వరుస కట్టి తెచ్చుకునే అన్నం ముట్టకుండా, మా ఆవిడ ఇంటినుంచి తెచ్చిన గంజి మాత్రం గుటక వేసింది. నర్సులు మొండి ముసలిదన్నారు. నేను ఔనన్నాను. అసలు సంగతి చెప్పడం ఆమెకు ఇష్టముండదని తెలుసు.

మొన్న మళ్ళీ పోయాం ఆ పార్కుకు. కావలివాడు మారాడు, కడ్డీలు మెరుస్తున్నాయి, వరుస మాత్రం పెరిగింది. కారుల్లో వచ్చినవాళ్ళు, ఒంటినిండా నగలున్నవాళ్ళు, పళ్ళాలు పట్టుకుని నవ్వుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ నిలబడి ఉన్నారు. కరువునాడు ఏమీ లేనివాళ్ళు నిలబడేవాళ్ళు, ఇప్పుడు అన్నీ ఉన్నవాళ్ళు నిలబడుతున్నారు. ఆకలి ఒకచోటినుంచి ఇంకొక చోటికి ఇల్లు మారిందేమో అనిపించింది. కోడలు ఫోనులో చెప్పిన పుణ్యాన మా వాళ్ళందరి నిషేధాలకూ వేరువేరు వంటలు సిద్ధంగా ఉన్నాయట. గోధుమ లేనిదొకటి, గుడ్డు లేనిదొకటి, ఉప్పు లేనిదొకటి. ఎవరికి ఏది పడదో ఇంత శ్రద్ధగా కనుక్కునే కాలం వచ్చినందుకు సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఎట్లా పెడితే పడదో అని అడిగేవాళ్ళు ఇంకా పుట్టలేదు.

అబ్బాయి నాకూ పళ్ళెం తేబోతే వద్దన్నాను. ఆకలి లేదేమోనని వాళ్ళు తమ వరుసలకు పోయారు. నేను నడి శాలలో ఒక బల్ల ముందు, బంతిలో కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్ళు మొరపెట్టాయి, లెక్కచేయలేదు. కాసేపటికి టై కట్టుకున్న మేనేజరు వచ్చి, ఇక్కడ సెల్ఫ్ సర్వీసని, అక్కడికి పోయి తెచ్చుకోవాలని వినయంగానే చెప్పాడు.

"సెల్ఫ్ సర్వీసంటే నాకు నేనే చేసుకునేది గదప్పా? డెబ్బై ఏండ్లుగా అదే చేస్తాండా. ఈ పొద్దు ఒక్కపూట సెలవు పెట్టినా."

"అట్లా కాదు సార్, రూలు..."

"రూలు నీది, ఆకలి నాది. పెద్దోణ్ణి కూర్చున్యా. పెడితే తింటా, పెట్టకుంటే ఇట్లే కూర్చోనుంటా. నాకేం పనుండాది?"

చుట్టుపక్కల బల్లలవాళ్ళు తినడం మాని చూస్తున్నారు. మేనేజరు అటూ ఇటూ చూశాడు. పాపం, అతనికి మా కరువుతో ఏ సంబంధమూ లేదు, అతను పుట్టేనాటికి ఆ గంగాళాలు తుప్పు పట్టిపోయి ఉంటాయి. చివరికి తానే పోయి ఒక ఖాళీ పళ్ళెం, అన్నం పప్పు గిన్నెలు పట్టుకొచ్చాడు. ముందు నీళ్ళు పెట్టాలప్పా అన్నాను. పెట్టాడు. తన చేత్తోనే వడ్డించమన్నాను. చెంచాతో అన్నం, పప్పు వేశాడు. తిన్నాను. రుచీ పచీ లేదు. అతను పోబోతుంటే మారు అడిగాను.

మళ్ళీ తెచ్చాడు. కడుపులో చోటు లేదు. అయినా అతను వంగి వడ్డిస్తున్నంతసేపూ, చాలని పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.